నాన్నగారికి యాంజియోగ్రామా, స్ట్రెస్ ఎంఆర్ఐనా?

రాజోలు దగ్గర, వశిష్ఠ ఒడ్డునున్న ఒక ఊరి నుంచి ఒక అమ్మాయి ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 34, స్కూల్లో టీచరు. అత్తవారిల్లు పుట్టింటికి నాలుగు కిలోమీటర్లే. బెంగంతా వాళ్ల నాన్నగారి గురించి.

ఆయనకి 62 ఏళ్లు. మూడెకరాల కొబ్బరి తోట, కొంచెం వరి చేను. పదకొండేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. నాలుగు నెలలుగా సైకిల్ నడిపించుకుంటూ ఏటిగట్టు ఎక్కేటప్పుడు గుండెల మధ్య బండ పెట్టినట్టు బరువు, ఎడమ దవడ లాగడం. ఆగి నిలబడితే ఐదు నిమిషాల్లో సర్దుకుంటుంది. కూర్చున్నప్పుడు గానీ, పడుకున్నప్పుడు గానీ ఒక్కసారి కూడా రాలేదట. ఆయన మాత్రం గ్యాస్ అంటూ సోడా తాగి ఊరుకున్నారు. ఒక దింపు రోజున కాయలు లెక్కపెడుతూ చెట్టుకి ఆనుకుని కూలబడిపోతే, దింపు తీసే అతను ఇంటికొచ్చి చెప్పాడు. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈసీజీ, ఎకో బాగానే ఉన్నాయన్నారు. ట్రెడ్‌మిల్ మీద నాలుగో నిమిషంలోనే మోకాళ్లు పట్టేసి దిగిపోయారు. రిపోర్టులో ఏమీ తేల్చలేకపోయామని రాశారు. దగ్గరి పట్నంలో చూసిన గుండె డాక్టరుగారు వెంటనే యాంజియోగ్రామ్ (సన్నటి గొట్టం లోపలికి పంపి గుండె నాళాల్ని ఎక్స్‌రేలో చూసే పరీక్ష) చేద్దామని, బ్లాక్ కనిపిస్తే అప్పటికప్పుడే స్టెంటు వేసేస్తామని, దానికి ముందే సంతకం పెట్టమని అన్నారు. విశాఖపట్నంలో చూపిస్తే అక్కడి డాక్టరుగారు ముందు స్ట్రెస్ ఎంఆర్ఐ (గుండె శ్రమలో ఉన్నట్టు మందుతో చేసి తీసే ఎంఆర్ఐ) చేయిద్దామన్నారు. కువైట్‌లో ఉన్న అన్నయ్య రోజూ ఫోన్ చేసి "డబ్బు నేను పంపుతున్నాను కదా, యాంజియో చేయించెయ్, ఎంఆర్ఐ టైమ్ వేస్ట్" అని కోప్పడుతున్నారు. గుండెల్లోకి వైరు దూరుస్తారని అమ్మగారికి భయం. నాన్నగారు పండగ వెళ్లాక చూద్దామంటున్నారు. "ఆడపిల్లవి, నీకెందుకమ్మా, మీ అన్నయ్య చూసుకుంటాడు" అని బాబాయిగారొకరు అన్న మాట ఆవిణ్ణి బాగా బాధపెట్టింది. చివర్లో ఇలా అడిగారు: "ఎవరి మాట వినాలో ఒక్క మాటలో చెప్పండి చాలు."

అమ్మా, ఒక్క మాటలో చెప్పలేను. మీ ఇద్దరు డాక్టర్లలో ఒకరు తప్పు, ఒకరు ఒప్పు అని కూడా అనలేను. నేను గుండె డాక్టర్ని కాదు. చాలా ఏళ్లు జనరల్ వైద్యం చేసి, ఇలాంటి సందేహాలతో వచ్చిన కుటుంబాలతో కూర్చుని మాట్లాడినవాణ్ణి. ఆ ఇద్దరూ వేరువేరు ప్రశ్నలకి జవాబు వెతుకుతున్నారు. ఏ ప్రశ్న ఏదో మీకు విడిపడితే, వాళ్ల ముందు కూర్చుని ధైర్యంగా మాట్లాడగలరు.

దానికంటే ముందు ఒక మాట. ఈ ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి. శ్రమ పడినప్పుడు వచ్చి, ఆగితే తగ్గే నొప్పి కాబట్టే ఏ పరీక్ష అని ఆలోచించుకునే తీరిక మీకు దొరికింది. ఖాళీగా కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, పావుగంటైనా తగ్గకపోయినా, చెమటలు పోసినా, కళ్లు తిరిగినా, ఇదివరకు గట్టు ఎక్కితే వచ్చేది ఇప్పుడు వీధి గుమ్మం దాటితేనే వస్తున్నా ఇక ఎంఆర్ఐ గురించి, యాంజియో గురించి చర్చ వద్దు. 108కి ఫోన్ చేసి, రాత్రి ఎన్ని గంటలైనా, క్యాథ్ ల్యాబ్, అంటే యాంజియో చేసి స్టెంటు వేసే గది ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. అమలాపురం వైపు వెళ్లాలా, చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు వెళ్లాలా, ఎక్కడ రాత్రిపూట కూడా డాక్టరు ఉంటారు అన్నది ఈ వారంలోనే కనుక్కుని, ఫోన్ నంబర్లు అమ్మగారికి కనబడేలా గోడ మీద రాసిపెట్టండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి అన్నది కూడా డాక్టరుగారిని ఇప్పుడే అడిగి ఉంచుకోండి.

ఇక అసలు విషయం. ఈసీజీ, ఎకో బాగుంటే నొప్పి ఎందుకు వస్తోందని మీరు అడిగారు. మీ నాన్నగారికైతే ఇది రెండు నిమిషాల్లో అర్థమవుతుంది, ఎందుకంటే ఆయన జీవితమంతా కాలువ నీళ్లతోనే గడిచింది. చేలకి నీళ్లు తెచ్చే బోదె సగం పూడిపోయిందనుకోండి, గుర్రపుడెక్క పట్టేసిందనుకోండి. అయినా ఆకుమడికి, అంటే నారు పోసిన చిన్న మడికి సరిపడా నీళ్లు అందులోంచి వస్తూనే ఉంటాయి. చూసినవాళ్లకి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. నాట్ల కోసం ఊరంతా ఒకేసారి చేలకి నీళ్లు పెట్టి దమ్ము మొదలుపెట్టిన రోజున బయటపడుతుంది. పై చేలు నిండుతాయి, శివారు చేను బీటలు తీసే ఉంటుంది. గుండె కండకి రక్తం తీసుకెళ్లే నాళాలూ అంతే. నాళం సగానికి పైగా పూడినా, మనిషి కూర్చున్నప్పుడు కావలసినంత రక్తం అందుతూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నాళమైతే అవసరం పడినప్పుడు మూడు నాలుగు రెట్లు ఎక్కువ రక్తం ఇవ్వగలదు. పూడిన నాళానికి ఆ శక్తి ఉండదు. మీ నాన్నగారు గట్టు ఎక్కడమే ఆయన గుండెకి దమ్ము రోజు. మంచం మీద పడుకోబెట్టి తీసిన ఈసీజీ, ఎకో ఆకుమడి రోజున తీసిన ఫోటోలు.

యాంజియోగ్రామ్ బోదెలోకి దిగి ఎక్కడ ఎంత ఇరుకుందో చూస్తుంది. స్ట్రెస్ ఎంఆర్ఐ చేను గట్టు మీద నిలబడి, దమ్ము రోజున ఏ మడికి నీళ్లు అందడం లేదో చూస్తుంది. ఇరుకు కనబడ్డ ప్రతిచోటా చేను ఎండదు. బోదె ఫరవాలేదనిపించినా ఒక్కోసారి చివరి మడి ఎండుతుంది. రెండు ప్రశ్నలూ ఒకటి కాదు.

పరీక్ష చేసే పద్ధతి ఇది. మనిషిని నడిపించరు, కాబట్టి మోకాళ్ల నొప్పి అడ్డం కాదు. ఎంఆర్ఐ సొరంగంలో పడుకోబెట్టి, చేతి నరంలోకి అడినోసిన్ అనే మందు నాలుగైదు నిమిషాలు ఎక్కిస్తారు. ఆ మందు గుండె నాళాలన్నిటినీ ఒకేసారి పూర్తిగా తెరుస్తుంది, లాకులన్నీ ఎత్తేసినట్టు. అదే సమయంలో గెడోలినియం అనే రంగు మందు ఇస్తే, అది గుండె కండలోకి పాకడం తెర మీద కనిపిస్తుంది. రక్తం అందని భాగం నల్లగా ఉండిపోతుంది. పది, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ బొమ్మలు తీస్తారు. ఎప్పుడైనా తెలియకుండా గుండెపోటు వచ్చి కండ మచ్చ కట్టి ఉంటే ఆ చోటు ఈసారి తెల్లగా మెరుస్తుంది. చౌడు తేలిన నేలకి ఎన్ని నీళ్లు పెట్టినా పంట రానట్టే, పూర్తిగా మచ్చ కట్టిన కండకి స్టెంటు వేసి రక్తం తెచ్చినా పెద్దగా లాభం ఉండదు. షుగరున్నవాళ్లలో నొప్పి తెలియకుండా పోట్లు వచ్చి పోవడం ఉంటుంది. అందుకే మీ నాన్నగారి విషయంలో ఈ రెండో బొమ్మకి విలువ ఎక్కువ. మొత్తం ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఎక్స్‌రే కిరణాలు ఉండవు. గుండె దగ్గరికి వైరు వెళ్లదు, అమ్మగారికి ఈ మాట చెప్పండి.

మందు ఎక్కే ఆ కాసేపు ఆయనకి ఛాతీ బరువుగా, ముఖం వేడెక్కినట్టు, ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. అడినోసిన్ రక్తంలో కొన్ని సెకన్లకి మించి నిలవదు. ఆపగానే నిమిషం, రెండు నిమిషాల్లో మామూలుగా అయిపోతారు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి. లేకపోతే లోపల ఒక్కరే ఉన్నప్పుడు ప్రాణం పోతోందనుకుంటారు.

ఇప్పుడు మీ ఉత్తరంలో ఐదో పేజీకి వస్తాను. "చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, పంపు పీల్చుకుంటారు" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఈ పంపు, అంటే ఇన్‌హేలర్ సంగతి రెండు ఆసుపత్రుల్లో ఏ కాగితంలోనూ లేదని కూడా మీరే రాశారు. అమ్మా, ఏడు పేజీల్లోనూ నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ వాక్యమే. ఉబ్బసం ఉన్నవాళ్లకి అడినోసిన్ ఊపిరి గొట్టాలని బిగించేయవచ్చు. ఉబ్బసం బాగా ఉంటే ఆ మందు ఇవ్వరు. గుండె వేగాన్ని పెంచే డోబుటమిన్ అనే వేరే మందుతో ఇదే పరీక్ష చేసే వీలుంది, కానీ అన్నిచోట్లా చేయరు. పైగా పిల్లికూతలకి థియోఫిలిన్ జాతి మాత్రలు వాడుతుంటే అవి అడినోసిన్‌ని పని చేయనివ్వవు. కాబట్టి పంపు, మాత్రల పట్టీలు సంచిలో వేసుకుని తీసుకెళ్లి డాక్టరుగారి బల్ల మీద పెట్టండి. అది నిజంగా ఉబ్బసమా, చిన్నప్పటి నుంచి కాల్చిన చుట్టల వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బా అన్నది వాళ్లు తేల్చాలి.

మీరు అడిగిన మిగతా భయాలు దీనికంటే చిన్నవి. తొడలో రాడ్ వేసి పన్నెండేళ్లయిందన్నారు. ఎముకలకి వేసే రాడ్లలో ఎక్కువ భాగం ఎంఆర్ఐకి అడ్డం కావు. గుండెకి దూరంగా ఉంది కాబట్టి బొమ్మ కూడా చెడదు. అయినా అప్పటి డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రే చూపించి తీరాలి. మొలతాడుకున్న వెండి బిళ్ల, తాయెత్తు, ఉంగరం తీసేయాలి. ఎప్పుడైనా వెల్డింగ్ పని చేసి కంట్లో ఇనప రజను పడి ఉంటే అదీ చెప్పాలి. క్రియాటినిన్ 1.5 అన్నారు. ఆయన వయసుకి లెక్క వేస్తే కిడ్నీల పనితీరు చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 50 దగ్గర్లో వస్తుంది. గెడోలినియం విషయంలో గట్టిగా జాగ్రత్త పడేది అది 30 కంటే తగ్గినప్పుడు. యాంజియోగ్రామ్‌కి వాడే అయోడిన్ రంగు మందుకీ కిడ్నీ లెక్క చూస్తారు, కాబట్టి ఏ దారిలో వెళ్లినా ఈ రిపోర్టు కొత్తది చేయించుకోండి.

ఇరుకు గదిలో ఆయనకి ఊపిరాడదని రాశారు. అది నిజమైన ఇబ్బంది, తేలిగ్గా తీసుకోవద్దు. ముందు రోజే మెషీన్ చూపించమని అడగండి. చేతిలో ఒక రబ్బరు బంతి ఇస్తారు, నొక్కితే వెంటనే వస్తారు. చెవులకి హెడ్‌ఫోన్ పెడతారు, అందులోంచి "ఊపిరి బిగపట్టండి, వదలండి" అని చెబుతుంటారు. ఇంటి దగ్గర పడుకోబెట్టి పది, పదిహేను సెకన్లు ఊపిరి బిగపట్టడం అలవాటు చేయించండి. ఊపిరి నిలపలేకపోతే బొమ్మలు చెదిరిపోతాయి. మధ్యలో లేచి వచ్చేస్తే డబ్బులూ, ప్రయాణమూ రెండూ వృథా.

ఇంకొకటి, కాఫీ. ముందు 24 గంటలు కాఫీ, టీ, కూల్‌డ్రింకులు, చాక్లెట్లు ఉండకూడదు. కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది. కెఫీన్ అడినోసిన్‌కి అడ్డుపడుతుంది. నాళాలు పూర్తిగా తెరుచుకోవు, జబ్బు ఉన్నా లేనట్టు కనిపించవచ్చు. తెల్లవారుజామున బయలుదేరి దారిలో హోటల్ దగ్గర బస్సు ఆగితే ఒక్క టీ తాగుదామనిపిస్తుంది. ఆ ఒక్క టీ వల్ల పరీక్ష మొత్తం పనికిరాకుండా పోవచ్చు. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు ఏవి వేసుకోవాలో, ఏవి ఆపాలో వాళ్లనే అడిగి కాగితం మీద రాయించుకోండి. సొంతంగా ఏదీ ఆపొద్దు.

సరే, చేయించారనుకుందాం. తర్వాత ఏమవుతుంది? ఏ పరీక్షకైనా ఒప్పుకునే ముందు ఇలా వస్తే ఏం చేస్తారు, అలా వస్తే ఏం చేస్తారు అని డాక్టరుని అడగాలి.

రక్తం అన్నిచోట్లా బాగా అందుతోందని వస్తే, అది మంచి కబురు. ఇలా వచ్చినవాళ్లలో గుండెపోటు గానీ, గుండె జబ్బుతో మరణం గానీ ఏడాదికి వందమందిలో ఒకరి కంటే తక్కువ. కానీ పదకొండేళ్ల షుగరు ఉన్న మనిషికి ఆ లెక్క కాస్త ఎక్కువే ఉంటుంది. మందులు ఆగవు, చుట్ట మానాల్సిందే. గుండెలో ఒక చిన్న భాగానికే రక్తం తక్కువని వస్తే మందులతో మొదలుపెట్టి చూడమని చాలామంది డాక్టర్లు అంటారు. పెద్ద భాగానికి అందడం లేదని వస్తే యాంజియోగ్రామ్‌కి వెళ్లాల్సిందే. అప్పుడు మీ అన్నయ్య "నేను ముందే చెప్పాను" అంటారు. రెండు ఖర్చులూ పడతాయి, నిజమే. కానీ ఏ మడికి నీళ్లందడం లేదో తెలిసి వెళ్లినప్పుడు, మూడు చోట్ల ఇరుకు కనిపిస్తే ఏది ముందు బాగు చేయాలో, దేన్ని వదిలేయొచ్చో యాంజియో చేసే డాక్టరుకి తెలుస్తుంది.

ఇది నా సొంత అభిప్రాయం కాదని చెప్పడానికి రెండు అధ్యయనాలు చెబుతాను. 2019లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఎంఆర్-ఇన్‌ఫార్మ్ అనే అధ్యయనం వచ్చింది. మీ నాన్నగారిలాంటి నొప్పి ఉన్న 918 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకి ముందు స్ట్రెస్ ఎంఆర్ఐ. రెండో జట్టుకి నేరుగా యాంజియోగ్రామ్, దానితోపాటు నాళం లోపల రక్త పీడనం కొలిచే ఎఫ్ఎఫ్ఆర్ పరీక్ష. ఏడాది తర్వాత చూస్తే మరణం, గుండెపోటు లాంటివి రెండు జట్లలోనూ నూటికి నలుగురి లోపే, దాదాపు సమానం. స్టెంటు లేదా బైపాస్ మాత్రం ఎంఆర్ఐ జట్టులో నూటికి 36 మందికి, యాంజియో జట్టులో 45 మందికి పడ్డాయి. అంటే ముందు ఎంఆర్ఐ చేయించుకున్నంత మాత్రాన నష్టపోలేదు, కొందరికి స్టెంటు తప్పింది.

అంతకుముందు 2012లో లాన్సెట్‌లో వచ్చిన, ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో 752 మందితో చేసిన సీఈ-మార్క్ అధ్యయనంలో, జబ్బు ఉన్న ప్రతి వందమందిలో ఎంఆర్ఐ 86 మందికి పైగా పట్టుకుంది. అదే పనికి వాడే న్యూక్లియర్ స్కాన్ 66 మందిని పట్టుకుంది. ఎంఆర్ఐ 13 మందిని వదిలేసిందని కూడా ఇందులోనే ఉంది, అదీ చదువుకోవాలి. రిపోర్టు బాగుందని వచ్చి నొప్పి మాత్రం అలాగే వస్తుంటే, రిపోర్టుని నమ్మి నాన్నగారి మాటని తీసిపారేయకూడదు.

మొదటి డాక్టరుగారి వైపు నుంచి కూడా చూడండి. 62 ఏళ్ల మగమనిషి, షుగరు, బీపీ, పొగ, శ్రమతో వచ్చి ఆగితే పోయే నొప్పి, దవడ లాగడం. ఇన్ని కలిస్తే నాళంలో జబ్బు ఉండే అవకాశం ఎక్కువే. ఎలాగూ ఉంటుందనుకున్నప్పుడు నేరుగా చూసేద్దామనడం తొందరపాటు కాదు. నొప్పి వారం వారం పెరుగుతున్నా, మందులకి లొంగకపోయినా నేనూ ఆయన మాటే చెప్పేవాణ్ణి. యాంజియోగ్రామ్ ఇప్పుడు ఎక్కువగా మణికట్టు దగ్గర నుంచే చేస్తారు, మత్తు కూడా అక్కడికే. పెద్ద ప్రమాదం జరగడం వందలో ఒకరి కంటే తక్కువ. అమ్మగారు భయపడేంత ఘోరం కాదని ఆవిడకి నెమ్మదిగా చెప్పండి.

నాకు ఇబ్బందిగా అనిపించింది ముందే తీసుకునే ఆ సంతకం. మెదడు సగం భయంలో ఉన్న కుటుంబం చేత, బల్ల మీద పడుకున్న మనిషి చేత, ఇంకా చూడని బ్లాకుకి స్టెంటు ఒప్పించడం నాకు నచ్చదు. అత్యవసరమైతే వేరు. మీ నాన్నగారిది ఇప్పటికి అత్యవసరం కాదు. కాబట్టి మర్యాదగానే అడగండి: "అండీ, ముందు యాంజియో ఒక్కటి చేసి సీడీ ఇవ్వండి. ప్రధాన నాళంలో ప్రమాదకరమైనది కనిపిస్తే చెప్పండి, అప్పటికప్పుడే మాట్లాడుకుందాం. మధ్యస్థంగా ఉంటే ఎఫ్ఎఫ్ఆర్ చూడగలరా?" ఎఫ్ఎఫ్ఆర్ అంకె 0.80 గానీ, అంతకంటే తక్కువ గానీ వస్తే ఆ ఇరుకు నిజంగా రక్తాన్ని ఆపుతోందని అర్థం. షుగరున్నవాళ్లకి మూడు నాళాల్లోనూ జబ్బుంటే స్టెంట్ల కంటే బైపాస్ మేలు కావచ్చు. అది బల్ల మీద నిమిషాల్లో తేల్చే విషయం కాదు.

సీటీ యాంజియో (గొట్టం పంపకుండా సీటీ స్కాన్‌లో నాళాలు చూడడం) చేయిస్తే సరిపోదా అని మీ వారు అడిగారట. కొందరికి బాగా సరిపోతుంది. షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్ల నాళాల్లో సున్నం పేరుకుని ఉంటే మాత్రం ఇరుకు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఎంఆర్ఐ దొరక్కపోతే, లేదా ఆ సొరంగంలో ఆయన ఉండలేకపోతే డోబుటమిన్ ఎకో, న్యూక్లియర్ స్కాన్ ఉన్నాయి. ఎంఆర్ఐ మెషీన్ ఉన్న ప్రతిచోటా గుండెకి స్ట్రెస్ పరీక్ష చేయరు. చదివి చెప్పే మనిషి కావాలి. నెలకి ఎన్ని చేస్తారు, మందు ఎక్కించేటప్పుడు గుండె డాక్టరు పక్కనే ఉంటారా అని ఫోన్లోనే అడిగి అప్పుడు బయలుదేరండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, స్టెంటుకి వర్తించేది పరీక్షకి కూడా వర్తిస్తుందని అనుకోకుండా ఆరోగ్యమిత్రని ముందే కనుక్కోండి.

పరీక్ష ఏదైనా, దాని కోసం ఆగకూడనివి మందులు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, నొప్పి రాకుండా ఆపే మందు, వీటిలో ఆయనకి ఏవి సరిపోతాయో డాక్టరుగారు చెబుతారు. పిల్లికూతలున్నాయని తెలిస్తే గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందుని ఆచితూచి ఇస్తారు, దానికీ ఆ పంపు సంగతి చెప్పాల్సిందే. 2020లో వచ్చిన ఇస్కీమియా అనే అధ్యయనంలో మన దేశంతో సహా 37 దేశాల నుంచి 5,179 మంది పాల్గొన్నారు. పరీక్షల్లో రక్తం బాగా తక్కువగా అందుతోందని తేలినవాళ్లే వాళ్లంతా. మంచి మందులతోపాటు వెంటనే యాంజియోకి, అవసరమైతే స్టెంటుకో, బైపాస్‌కో వెళ్లినవాళ్లకీ, ముందు మందులతోనే ఉన్నవాళ్లకీ మూడేళ్ల పైచిలుకు చూసినా మరణాల్లో తేడా రాలేదు. నొప్పి మాత్రం మొదటి జట్టులో బాగా తగ్గింది. కానీ ఎడమ ప్రధాన నాళంలో పెద్ద ఇరుకు ఉన్నవాళ్లని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. అందుకే ఏ పరీక్షా లేకుండా "మందులు చాలు, పండగ వెళ్లాక చూద్దాం" అనడానికి దీన్ని వాడుకోకూడదు. పది, పదిహేను రోజులు ఆలోచించుకోండి, నెలలు వద్దు.

నా మొగ్గు ఎటో కూడా దాచను. నొప్పి ఇప్పుడున్నట్టే నిలకడగా ఉండి, ఉబ్బసం సంగతి తేలి, విశాఖ వెళ్లిరావడం ఆయనకి భారం కాకపోతే నేను ముందు ఎంఆర్ఐ వైపే ఉంటాను. ఈ మూడింట్లో ఏది కుదరకపోయినా యాంజియోకి వెళ్లడంలో మీరు ఓడిపోయింది ఏమీ లేదు.

అన్నయ్యగారి కోపాన్ని మీ మీద కోపంగా తీసుకోకండి. నాలుగు వేల కిలోమీటర్ల అవతల కూర్చుని, తండ్రికి ఏమైనా అయితే అందుకోలేనన్న భయం అది. డబ్బు పంపడం ఒక్కటే ఆయన చేతిలో ఉంది, కాబట్టి అదే పట్టుకున్నారు. ఈసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు వీడియో కాల్‌లో ఆయన్నీ కూర్చోబెట్టండి. ఇలా వస్తే ఏం చేస్తారు, అలా వస్తే ఏం చేస్తారు అన్న ప్రశ్న ఆయన్నే అడగనివ్వండి. అప్పుడు నిర్ణయం మీ ఇద్దరిదీ అవుతుంది, మాట పడితే ఇద్దరూ పడతారు. ఆడపిల్లకెందుకన్న బాబాయిగారికి సమాధానం చెప్పనక్కర్లేదు. ఫైళ్లు పట్టుకుని, సెలవు పెట్టుకుని, విశాఖ దాకా తిరిగింది ఎవరో మీ నాన్నగారికి తెలుసు.

ఇన్ని పేజీల్లో డాక్టర్ల మాట, అన్నయ్య మాట, అమ్మ మాట, బాబాయి మాట ఉన్నాయి. నాన్నగారి మాట మాత్రం గ్యాస్, పండగ అన్న రెండు ముక్కలే. మా మేనమామ కూడా అలాగే గ్యాస్ అన్నారు. మేం నమ్మాం, ఎందుకంటే నమ్మడం మాకు తేలిక. ఆయన అసలు భయం ఏమిటో తర్వాత మా అత్తయ్య చెప్పింది. గుండె జబ్బని తేలితే పొలం కౌలుకిచ్చేయమంటారని, ఇంట్లో కూర్చోబెడతారని. మీ నాన్నగారి భయం అదే కావచ్చు, మీ ఖర్చు గురించి కావచ్చు, ఆ సొరంగం గురించి కావచ్చు. సంతకం పెట్టాల్సింది ఆయన. సాయంత్రం తోటలో ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని బోదె, ఆకుమడి, దమ్ము కథ చెప్పండి. చెప్పి ఆగండి. "మరి మీరేమంటారు నాన్నా?" అని అడిగాక, ఆయన మాట్లాడేదాకా మీరు మాట్లాడకండి.

వచ్చేటప్పుడు ఆ పంపు మీద పేరేముందో చూసి రాసుకోండి.